పాత జీపు వెనక యాక్సిల్: ఉన్న గేర్లే సర్దాలా, కొత్త సెట్ వేయాలా, రేషియో మార్చాలా?

"జీపు యాభై దాటగానే వెనక నుంచి కుయ్యిమని మోత వస్తోంది, షాపులో అడిగితే క్రౌన్ పినియన్ పోయింది మార్చేద్దాం అంటున్నారు, ఏం చేయమంటారు?" ఈ మధ్య ఈ ప్రశ్న నన్ను నలుగురు అడిగారు. యాక్సిల్ లోపల షాఫ్టు చివర ఉండే చిన్న గేరు పినియన్, అది తిప్పే పెద్ద గేరు క్రౌన్, ఈ జోడీనే క్రౌన్ పినియన్ అంటారు. నలుగురినీ నేను తిరిగి అడిగింది ఒకటే. ఇప్పుడు మీ బండిలో ఉన్న రేషియో (క్రౌన్ ఒక చుట్టు తిరగాలంటే పినియన్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క) ఎంత, ముందు యాక్సిల్‌ది ఎంత? ఒక్కరూ చెప్పలేకపోయారు. అది తెలియకుండా గేర్లు కొనడం అంటే గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అనడమే. అందుకే నాకు తెలిసిందంతా ఒకచోట రాస్తున్నాను.

నాది మహీంద్రా సీజే 3బీ, నాన్న కొన్న బండి. పెట్రోల్ హరికేన్ ఇంజన్, మూడు గేర్ల బాక్సు, ఫోర్ వీల్. జంగారెడ్డిగూడెం దగ్గర తోటల్లో, బుట్టాయగూడెం వైపు కొండ దారుల్లో తిరుగుతుంది, నెలకోసారి విజయవాడ వెళ్లొస్తుంది. వెనక ఉన్నది డానా 44 కుటుంబం (డానా కంపెనీ డిజైన్) యాక్సిల్. కాబట్టి కింద రాసిన అంకెలన్నీ దానికే. పద్ధతి మాత్రం ఏ పాత బండికైనా పనికొస్తుంది.

ముందు నాకు తగిలిన దెబ్బ చెబుతాను, అప్పుడు మిగతాది ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో అర్థమవుతుంది. కొన్నేళ్ల కిందట నా బండిలో వెనక పినియన్ పళ్లు రెండు విరిగాయి. ఒక షాపులో ఇచ్చాను, వాళ్లు కొత్త సెట్ వేసి ఇచ్చారు. రోడ్డు మీద బండి మునుపటికన్నా హాయిగా పోతోంది, ఇంజన్ అరుపు తగ్గింది, నేను కూడా పని బాగా చేశారనే అనుకున్నాను. వానలు పడ్డాయి, చేలో బురదలో ఫోర్ వీల్ వేశాను, ఏ తేడా తెలియలేదు. చేలోంచి తారు రోడ్డు ఎక్కి లివర్ వెనక్కి లాగితే రాదు. పది గజాలు పోయేసరికి స్టీరింగ్ బిగుసుకుంది, టైరు కీచుమంది, కాళ్ల కింద, ఇంజన్ బలాన్ని ముందు వెనక యాక్సిళ్లకి పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో టంగుమని ఒక దెబ్బ. బండి ఆపి కాస్త రివర్స్ చేస్తే తప్ప లివర్ ఊడిరాలేదు. మా ఊళ్లో జీపుల పని చేసే పెద్దాయన ఒకాయన ఉన్నారు, బాబాయ్ అని పిలుస్తాను. ఆయన ముందు యాక్సిల్ కవరూ వెనక యాక్సిల్ కవరూ విప్పి పళ్లు లెక్కపెట్టారు. ముందు క్రౌన్‌కి 43 పళ్లు, పినియన్‌కి 8. వెనక 39, 8. "కాడికి కట్టిన ఎద్దులు రెండూ ఒకే నడక నడవాలి కదా బాబూ, ఇక్కడ ఒకటి నడుస్తుంటే ఇంకోటి పరిగెడుతోంది" అన్నారు. నిజమే, 43ని 8తో భాగిస్తే వచ్చే 5.38కీ, 39ని 8తో భాగిస్తే వచ్చే 4.88కీ తేడా పది శాతం. ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు చక్రాలు 100 అడుగులు నడిస్తే వెనక చక్రాలు 110 అడుగులు నడవాలని చూస్తాయి. బురదలో చక్రం జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద జారదు కాబట్టి ఆ ఒత్తిడంతా షాఫ్టుల మీదా ట్రాన్స్‌ఫర్ కేసు మీదా పడుతుంది. నా అదృష్టం, ఏదీ విరగలేదు.

ముందు మీ గేరు ఏదో తేల్చుకోండి

కవర్ బోల్టు కింద ఒక చిన్న రేకు బిళ్ల ఉండాలి, దాని మీద రేషియో కొట్టి ఉంటుంది. మన బండ్లలో అది నూటికి తొంభై ఉండదు. ఉన్నా నమ్మకండి, లోపల గేర్లు ఎన్నిసార్లు మారాయో దానికేం తెలుసు. ఆర్సీ బుక్కులో ఈ వివరం ఉండదు, బండి మోడల్ చూసి చెప్పేది కూడా అంచనా మాత్రమే. ఇప్పుడు రోడ్ల మీద తిరిగే పాత జీపుల్లో చాలావాటికి చాసీ ఒకదానిది, ఇంజన్ ఇంకోదానిది, యాక్సిల్ మరోదానిది.

విప్పకుండా తెలుసుకునే పద్ధతి ఇది. చదునైన చోట బండి పెట్టి, ముందు చక్రాలకి రాళ్లు అడ్డం వేసి, వెనక ఒక్క చక్రాన్నే జాకీతో లేపండి. ఒట్టి జాకీ మీద వదలకుండా కింద గట్టి స్టాండు పెట్టండి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వదిలేయాలి, ఫోర్ వీల్ తీసేసి ఉండాలి. టైరు మీద ఒక సుద్ద గీత, యాక్సిల్‌కి బలం తెచ్చే పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఒక సుద్ద గీత. ఇప్పుడు లేపిన చక్రాన్ని సరిగ్గా 20 చుట్లు తిప్పాలి, ఇంకొకరు కింద కూర్చుని షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. ఒక చక్రం నేల మీద కదలకుండా ఉంది కాబట్టి డిఫరెన్షియల్ (రెండు చక్రాలనీ వేరువేరు వేగంతో తిరగనిచ్చే భాగం) వల్ల మీ 20 చుట్లు క్రౌన్ వీల్‌కి 10 చుట్లే అవుతాయి. షాఫ్టు 53 చుట్లు పోయి ముప్పావు దగ్గర ఆగితే మీది 5.38. 48 ముప్పావు అయితే 4.88. 42 ముప్పావు దగ్గరికి వస్తే 4.27. 37 దాటి పావు చుట్టు అయితే 3.73. చాలామంది చక్రాన్ని రెండు చుట్లు తిప్పి "ఐదు చిల్లర" అని చెప్పేస్తారు. ఆ చిల్లరలోనే ఉంది అసలు విషయం, ఓపిక పట్టి 20 తిప్పండి. ముందు యాక్సిల్‌కి కూడా ఇలాగే చేయండి. ముందు హబ్బులకి (చక్రం మధ్యలో ఉండే భాగాలకి) లాక్ ఉంటే అవి వేసి ఉండాలి, లేకపోతే చక్రం ఒక్కటే తిరుగుతుంది, షాఫ్టు కదలదు.

విప్పి చూడటం ఇంకా మంచిది, ఎందుకంటే రేషియోతో పాటు లోపలి ఆరోగ్యం కూడా కనిపిస్తుంది. వెనక కవరుకి పది బోల్టులు. కింద తొట్టి పెట్టి కింది బోల్టులు ముందు వదులు చేస్తే నూనె కారిపోతుంది. ఆ నూనెని రెండు వేళ్ల మధ్య రాసి వెలుతురులో చూడండి. నల్లగా ఉన్నా నున్నగా ఉంటే అది పాత నూనె, అంతే. వెండి రంగు పొడిలా మెరుస్తూ ఉంటే ఏదో అరుగుతోంది. గోటికి తగిలే ముక్కలు వస్తే బేరింగో పన్నో విరిగింది. తర్వాత గుడ్డతో క్రౌన్ వీల్ తుడిచి, ఒక పంటికి తెల్ల పెయింటు చుక్క పెట్టి, అక్కడి నుంచి మళ్లీ ఆ చుక్క వచ్చేదాకా పళ్లు లెక్కపెట్టండి. క్రౌన్ వీల్ అంచు మీద గానీ పినియన్ ముఖం మీద గానీ 43-8, 39-8 లాగా కొట్టి ఉంటే ఇంకా సులువు. పెద్ద అంకెని చిన్న అంకెతో భాగిస్తే అదే రేషియో: 43/8 అంటే 5.38, 39/8 అంటే 4.88, 47/11 అంటే 4.27, 41/11 అంటే 3.73.

అక్కడే ఇంకో రెండు అంకెలు ఉంటాయి, వాటిని కాగితం మీద రాసి పెట్టుకోండి. ఒకటి జోడీ నంబరు, క్రౌన్ మీదా పినియన్ మీదా ఒకటే ఉండాలి. ఫ్యాక్టరీలో ఆ రెండిటినీ కలిపి నూరి జోడీ చేస్తారు, వేరే క్రౌన్‌కి వేరే పినియన్ తగిలిస్తే మోత తగ్గదు. రెండోది పినియన్ ముఖం మీద ప్లస్ 2, మైనస్ 1, సున్నా లాంటి అంకె. దాని సంగతి కింద చెబుతాను.

మోత ఎక్కడిదో తెలియకుండా గేర్లు కొనకండి

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. బాగున్న పాత జోడీని తీసి పాత ఇనుముకి ఇచ్చేసి, దాని స్థానంలో నాసిరకం కొత్తది వేసుకుని, మళ్లీ మోత వస్తోందని బాధపడేవాళ్లు ఎందరో. వెనక నుంచి వచ్చే ప్రతి శబ్దం క్రౌన్ పినియన్‌ది కాదు.

యాక్సిలరేటర్ తొక్కినప్పుడు సన్నటి కూత వచ్చి, కాలు తీయగానే ఆగిపోతే, లేదా కాలు తీసినప్పుడే వచ్చి తొక్కితే ఆగితే, అప్పుడు గేరు పళ్ల రాపిడి మీదా పినియన్ బేరింగుల మీదా అనుమానపడండి. తొక్కినా తీసినా ఒకేలా గుర్రుమంటూ బండి వేగంతో పాటు పెరుగుతుంటే చక్రం బేరింగో డిఫరెన్షియల్ పక్క బేరింగో. నేరుగా పోయేటప్పుడు నిశ్శబ్దంగా ఉండి మలుపులోనే కటకటమంటే డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు, అంటే స్పైడర్ గేర్లు. బండి కదిలేటప్పుడు టక్కుమని ఒక దెబ్బ వినిపిస్తే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు (చివర్లలోని కీళ్లు) చూడండి, ఆ తర్వాత వెనక హబ్బు చూడండి. పాత సీజేల్లో యాక్సిల్ షాఫ్టు చివర కోసుగా ఉండి, హబ్బు ఒక కీ మీద నట్టు బిగింపుతో నిలబడుతుంది. ఆ నట్టు వదులైతే కీ అరిగిపోయి అచ్చం డిఫరెన్షియల్ పోయినట్టే శబ్దం చేస్తుంది. నాకు తెలిసిన ఒకాయన వెనకంతా విప్పించాక తేలింది, ఎడమ హబ్బు నట్టు వదులని. కాటర్ పిన్ను తీసి, నట్టు బిగించి, మళ్లీ పిన్ను పెట్టడమే పని.

ఇక ఎంపికలు

మొదటిది, ఉన్న జోడీని ఉంచుకుని బేరింగులు, ఆయిల్ సీళ్లు, షిమ్ములు (గేర్ల మధ్య దూరం సర్దే పల్చటి రేకు బిళ్లలు) మాత్రమే కొత్తవి వేయడం. పళ్లు విరగకుండా, గుంటలు పడకుండా, వేడికి నీలం రంగు తిరగకుండా ఉంటే నా మొదటి ఓటు ఎప్పుడూ దీనికే. వేల కిలోమీటర్లు కలిసి తిరిగిన పళ్లు ఒకదానికొకటి అలవాటు పడి ఉంటాయి, ఆ నునుపు కొత్త సెట్‌లో మొదటి రోజు రాదు. షరతు ఒక్కటే. పాత షిమ్ములు ఏవి ఎక్కడివో కలపకుండా తీసి, దారంతో కట్టి, చీటీ రాసి పెట్టాలి. పాత పళ్లు ఎక్కడ అరిగాయో మళ్లీ అక్కడే కలవాలి. ఒక్క షిమ్ము అటూ ఇటూ అయినా నిన్నటిదాకా లేని కూత మొదలవుతుంది.

రెండోది, అదే రేషియోలో కొత్త జోడీ. పన్ను విరిగినా, పినియన్ పళ్ల మీద గోటికి తగిలేలా గుంటలు పడినా ఇది తప్పదు. విజయవాడ ఆటోనగర్‌లో గానీ, హైదరాబాద్‌లో గానీ, గాజువాకలో గానీ కొనేటప్పుడు పెట్టె మీద రాసింది చూసి డబ్బులు ఇవ్వకండి. కౌంటర్ మీదే పెట్టె విప్పించి పళ్లు లెక్కపెట్టండి, జోడీ నంబర్లు కలిశాయో లేదో చూడండి, పినియన్ ముఖం మీద ప్లస్ మైనస్ అంకె ఉందో లేదో చూడండి. ఆ అంకే లేని సెట్‌ని నేను కొనను. పళ్ల మీద వేలు పెట్టి జారిస్తే గరుకు తగలకూడదు. పాత పినియన్ కూడా వెంట తీసుకెళ్లి పక్కపక్కన నిలబెట్టి చూడండి, యోక్ (ప్రొపెల్లర్ షాఫ్టుని పినియన్‌కి కలిపే ముక్క) పట్టే స్ప్లైన్లు (గాడులు), బేరింగు కూర్చునే చోటు, నట్టు మరలు మూడూ కలవాలి. నా విషయంలో జరిగిన తప్పు సరిగ్గా ఇక్కడే జరిగింది, 43 అడగాల్సిన చోట ఎవరూ ఏదీ అడగలేదు, దొరికింది పట్టుకొచ్చి వేసేశారు.

మూడోది రేషియో మార్చడం. ఎక్కువమందికి ఆశ ఉన్నది దీని మీదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పాత 6.00-16 టైరు ఒక చుట్టుకి సుమారు 2.25 మీటర్లు నడుస్తుంది. ఆ లెక్కన టాప్ గేరులో గంటకి 80 కిలోమీటర్ల వేగంలో ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతుందంటే, 5.38తో దాదాపు 3,190. 4.88తో 2,890. 4.27తో 2,530. 3.73తో 2,210. అంకెలు చూడగానే చివరిదే బాగుందనిపిస్తుంది. ఆగండి. హరికేన్ ఇంజన్‌కి 4,000 దగ్గర 75 హార్స్‌పవర్ అంటారు గానీ లాగే బలం ఎక్కువగా ఉండేది 2,000 చుట్ల దగ్గర. 60 వేగంలో 5.38 ఉంటే ఇంజన్ 2,390 దగ్గర ఉంటుంది, అంటే మనుషుల్నెక్కించుకుని చిన్న ఎత్తు ఎక్కినా గేరు మార్చక్కర్లేదు. అదే 60కి 3.73 వేస్తే 1,660కి పడిపోతుంది, చిన్న గట్టు వచ్చినా రెండో గేరుకి దిగాలి, మూడు గేర్ల బాక్సులో రెండో గేరుకీ టాప్‌కీ మధ్య దూరం ఎక్కువ కాబట్టి అక్కడ ఇంజన్ గోల పెడుతుంది. ఘాట్‌లో సంగతి ఇంకా కష్టం. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు దిగేటప్పుడు ఇంజన్ పట్టు మీద బండి ఆగాలి. రేషియో తగ్గించిన కొద్దీ ఆ పట్టు తగ్గుతుంది, బ్రేకుల మీద భారం పెరుగుతుంది. పాత జీపు డ్రమ్ బ్రేకులతో అది ఆడుకునే విషయం కాదు.

అందుకని నా లెక్క ఇది. పొలాలు, గుట్టలు, ట్రాలీ లాగడం ఉంటే 5.38 మీద చెయ్యి వేయకండి. సగం హైవే సగం పల్లె అయితే 4.88 మంచి మధ్యేమార్గం, పెట్రోల్ ఇంజన్ కూడా మోయగలదు. తక్కువ చుట్లలోనే గట్టిగా లాగే డీజిల్ ఇంజన్ వేసుకున్న బండి ఎక్కువగా హైవే మీద తిరిగితే 4.27 ఆలోచించవచ్చు. 3.73 మాత్రం మూడు గేర్ల బాక్సున్న బండికి నేను ఎవరికీ చెప్పను. పైగా దానికి ఇంకో ఖర్చు ఉంది. డానా 44లో 3.92 నుంచి పైకి ఉన్న రేషియోలన్నీ ఒక రకం డిఫరెన్షియల్ కేజ్ (క్రౌన్‌ని బిగించే గూడు) మీద కూర్చుంటాయి, 3.73, అంతకన్నా కిందివి ఇంకో రకం కేజ్ మీద. అంటే 5.38 తీసి 4.88 గానీ 4.27 గానీ వేస్తే మీ కేజే సరిపోతుంది, 3.73కి వెళ్తే కేజ్ కూడా మార్చాలి. ఈ సంగతి సెట్ కొన్నాక తెలిసినవాళ్లు ఉన్నారు.

ఫోర్ వీల్ బండి అయితే రేషియో మార్చడం అంటే రెండు యాక్సిళ్ల పని. ముందు యాక్సిల్‌కి అదే రేషియో జోడీ చేతికి వచ్చాకే వెనకది విప్పండి. "ఫోర్ వీల్ ఎప్పుడో గానీ వేయం కదండీ, ముందుది తర్వాత చూద్దాం" అంటారు. ఆ ఎప్పుడో ఒకరోజు వాగు దాటి గట్టెక్కాకే గుర్తొస్తుంది. టూ వీల్ బండ్లకి ఈ బెడద లేదు, వెనకది మారిస్తే చాలు. రేషియో మార్చాక స్పీడోమీటరు కూడా తప్పు చూపిస్తుంది. జీపులో దాని కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వస్తుంది కాబట్టి అక్కడి చిన్న గేరు మార్చకపోతే 5.38 నుంచి 4.88కి వచ్చిన బండి 60 చూపిస్తున్నప్పుడు నిజానికి 66 మీద పోతుంటుంది.

గేర్ల జోలికి పోకుండానే కొంత సాధించే దారి టైరు. 6.00-16 నుంచి 7.00-16కి వెళ్తే టైరు సుమారు 6 శాతం పెద్దదవుతుంది, 5.38 కాస్తా 5.1 దగ్గర ఉన్నట్టు నడుస్తుంది. నాలుగు టైర్లూ ఒకేలా మారిస్తే ఫోర్ వీల్‌కి ఇబ్బంది లేదు. దీనికి ఎదురుగా జరిగేది కూడా గుర్తుంచుకోండి. 16 అంగుళాల డిస్కులు తీసి 215/75 ఆర్15 వేసినవాళ్ల టైరు చిన్నదైపోయి ఇంజన్ ఇంకా ఎక్కువ తిరుగుతుంది, వాళ్లు గేర్లని తిడుతుంటారు. 235/75 ఆర్15 వేస్తే పాత 6.00-16 ఎత్తుకి దాదాపు సమానం. ఐదు గేర్ల బాక్సు పెట్టించడం ఇంకో దారి, అప్పుడు యాక్సిళ్లు రెండూ అలాగే ఉంటాయి, ఘాట్ బలం పోదు. కానీ మౌంటింగులు, షాఫ్టు పొడవులు మారతాయి, అది వేరే కథ.

నాలుగోది, పాత బండి నుంచి మొత్తం యాక్సిల్ తెచ్చి బిగించడం. హౌసింగ్ వంగిన బండికి, లేదా లోపల అన్నీ ఒకేసారి పోయిన బండికి ఇదే చవక. కొనేముందు రెండు చూడాలి. ఫోర్ వీల్ జీపులో ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వెనక షాఫ్టు పక్కగా వస్తుంది కాబట్టి డిఫరెన్షియల్ ఉబ్బు ఒక పక్కకి జరిగి ఉంటుంది, టూ వీల్ బండికి మధ్యలో ఉంటుంది. దూరం నుంచి రెండూ ఒకటేలా కనిపిస్తాయి, టేపు పెట్టి కొలవండి. రెండోది పైన చెప్పిన సుద్ద గీత లెక్క. అక్కడికక్కడే స్క్రాప్ యార్డులో నేల మీద పెట్టి ఒక పక్క డ్రమ్ము కదలకుండా పట్టుకుని రెండో పక్కది 20 చుట్లు తిప్పి యోక్ చుట్లు లెక్కపెట్టండి. తిప్పేటప్పుడు చేతికి ఎక్కడైనా గరగర తగిలితే, కవర్ విప్పి చూపించనంటే, వదిలేసి వచ్చేయండి.

పని చేయించేటప్పుడు పక్కనే నిలబడండి

సెట్ ఎంత మంచిదైనా అమరిక సరిగా లేకపోతే నెల తిరగకుండా మోత. మీరు చేయకపోయినా ఏం జరగాలో తెలిస్తే అడగగలుగుతారు.

పినియన్ ముఖం మీది ప్లస్ మైనస్ అంకె పనికొచ్చేది ఇక్కడే. అది అంగుళంలో వెయ్యో వంతు లెక్క, మేస్త్రిలు థౌ అంటారు. పాత పినియన్ ప్లస్ 2, కొత్తది మైనస్ 1 అనుకోండి, పాత షిమ్ముల మందానికి 3 థౌ కలపాలి. పాతది మైనస్, కొత్తది ప్లస్ అయితే ఆ తేడా తీసేయాలి. ఈ షిమ్ములు డానా 44లో లోపలి బేరింగు కప్పు వెనక ఉంటాయి. ఇది మొదటి అంచనా మాత్రమే, తుది తీర్పు పళ్ల మీది గుర్తుది. రెడ్ లెడ్ పొడిని నూనెలో కలిపి నాలుగైదు పళ్లకి పల్చగా పూసి, క్రౌన్‌ని చేత్తో కొంచెం అడ్డుపెట్టి పినియన్ తిప్పితే పంటి మీద రాపిడి పడిన చోట ఎరుపు చెరిగి ఇనుము తేలుతుంది. ఆ గుర్తు పంటి ఎత్తులో మధ్యన రావాలి. పంటి కొన మీదే పడితే పినియన్ దూరంగా ఉంది, షిమ్ము కలపాలి. పంటి మొదట్లోకి దిగిపోతే పినియన్ మరీ లోపలికి వచ్చింది, షిమ్ము తీయాలి. బాబాయ్ నా బండికి ఇలా ఐదుసార్లు వేసి తీశారు, ప్రతిసారీ బేరింగు కప్పు బయటికి కొట్టి, షిమ్ము మార్చి, మళ్లీ నొక్కి. ఐదోసారి గుర్తు బాదం గింజ ఆకారంలో పంటి మధ్యన కూర్చున్నప్పుడు ఆయన ఏమీ అనలేదు, చేతులు తుడుచుకుని నన్ను పిలిచి చూపించారు. రెడ్ లెడ్ సీసం, పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగే టీ తాగండి.

క్రౌన్‌కీ పినియన్‌కీ మధ్య ఆట (వదులు) డయల్ గేజ్‌తోనే కొలవాలి, 0.13 నుంచి 0.23 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. చేత్తో ఊపి "బానే ఉంది" అనే షాపులో నేను ఈ పని చేయించను. పినియన్ బేరింగులు కొత్తవైతే క్రౌన్ పెట్టకముందు పినియన్ తిప్పడానికి 2.3 నుంచి 4.5 న్యూటన్ మీటర్ల బలం పట్టాలి, అంటే వదులుగా గిర్రున తిరగకూడదు, బిగుసుకోనూ కూడదు. కేజ్‌ని హౌసింగ్‌లోకి దించేటప్పుడు గడ్డపార పెట్టి హౌసింగ్ నోరు తెరిచేవాళ్లని చూశాను. దానికి స్ప్రెడర్ అని వేరే పనిముట్టు ఉంది, దానితో కూడా అర మిల్లీమీటరు మించి తెరవకూడదు, మించితే హౌసింగ్ మళ్లీ దగ్గరికి రాదు. అంబాసిడర్ ఉన్నవాళ్లకి ఈ విషయంలో సుఖం. షాఫ్టులు లాగేస్తే డిఫరెన్షియల్ మొత్తం ముందు వైపు నుంచి ఊడి బల్ల మీదకి వస్తుంది, కొలతలన్నీ కూర్చుని తీరిగ్గా చూసుకోవచ్చు.

నూనె విషయంలో పిసినారితనం వద్దు. ఇవి హైపాయిడ్ గేర్లు, పన్ను మీద పన్ను దొర్లడమే కాదు జారుతుంది కూడా, కాబట్టి జీఎల్-5 రకం, 90 గ్రేడు గేరు నూనె కావాలి. డబ్బా మీద జీఎల్-5 అని ఉందో లేదో చూడండి. పాత జీపు వెనక యాక్సిల్‌కి లీటరుంబావు దాకా పడుతుంది, పక్క ప్లగ్గు కన్నం దగ్గరికి వచ్చి కారబోతుంటే ఆపేయాలి. మిగిలింది కదా అని అదే నూనె గేర్‌బాక్సులో పోయకండి, అక్కడ ఇత్తడి రింగులు ఉంటాయి, వాటికి జీఎల్-4 మేలు. హౌసింగ్ మీద ఊపిరి తీసుకునే చిన్న మూత ఉంటుంది, అది మట్టితో పూడుకుపోతే లోపలి వేడి గాలి సీళ్లని తన్ని నూనె బ్రేకు డ్రమ్ముల్లోకి వచ్చేస్తుంది. విప్పిన రోజే దాన్ని డీజిల్‌లో కడిగేయండి.

కొత్త జోడీ వేసిన బండిని బయటికి తీయగానే హైవే ఎక్కించకండి. మొదట పాతిక కిలోమీటర్లు 50 లోపు పోనిచ్చి, బండి ఆపి, హౌసింగ్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంతగా కాలితే పినియన్ బిగువు ఎక్కువైంది, వెంటనే తిరిగి వెళ్లండి. చల్లారేదాకా ఆగి మళ్లీ పాతిక. ఇలా రెండు మూడుసార్లు చేశాక మామూలుగా వాడుకోవచ్చు గానీ, మొదటి 800 కిలోమీటర్ల దాకా బరువు లాగించవద్దు, ఆ తర్వాత నూనె మొత్తం మార్చేయండి. నేను నా బండిది తీసినప్పుడు తొట్టి అడుగున అయస్కాంతం ముక్క ఒకటి తిప్పితే బూడిద రంగు మెత్తటి పొడి కాస్త అంటుకుంది, గోటికి తగిలే ముక్క ఒక్కటీ లేదు. ముందూ వెనకా రెండూ ఇప్పుడు 43, 8. మొన్న వానలో చేలోంచి ఫోర్ వీల్‌లోనే తారు రోడ్డు ఎక్కి లివర్ లాగితే ఒక్క వేలికి వచ్చేసింది.